స్ట్రిప్పు చదవడం నేర్చుకుందాం – 6వ పాఠం: గంట ముందు వేసే మాత్ర

పోయిన పాఠంలో కంపెనీ పెట్టిన పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు పట్టుకోవడం నేర్చుకున్నాం. ఆ చదువు బాగా అక్కరకొచ్చే మాత్ర ఇది: సిల్డెనాఫిల్, మగవాళ్లకి అంగం గట్టిపడక ఇబ్బందైనప్పుడు వేసేది. రాయగడలో మా మందుల కొట్టుకొచ్చేవాళ్లు దాని పేరు పలకరు. ఆడవాళ్లు వెళ్లేదాకా ఆగి, కౌంటర్లో ఉన్న ఒడియా కుర్రాణ్ణి వదిలేసి నా దగ్గరికొచ్చి, "బాబూ, నరాల బలహీనతకి..." అంటారు. అది సిగ్గు కోసం పెట్టుకున్న పేరు. చాలామందిలో అసలు ఇబ్బంది రక్తనాళాలది. షుగరు, బీపీ, సిగరెట్టు, ఒక్కోసారి ఒట్టి టెన్షన్.

కోరిక కలిగినప్పుడు అంగంలోని నరాల చివర్లు నైట్రిక్ ఆక్సైడ్ వదులుతాయి. దాంతో సీజీఎంపీ అనే పదార్థం పుట్టి, అక్కడి కండరం వదులై, రక్తం నిండుతుంది. పీడీఈ5 అనే ఎంజైము ఆ సీజీఎంపీని ఎప్పటికప్పుడు విరగ్గొడుతుంటుంది. సిల్డెనాఫిల్ ఆ ఎంజైముకి అడ్డుపడుతుంది, అంతే. మడిలోకి నీరు వదిలేది కోరిక, గట్టు తెగకుండా కాసేది మాత్ర. కాలవే ఎండిపోతే గట్టేం చేస్తుంది? మాత్ర మింగి గోడకేసి చూస్తూ కూర్చుంటే ఏమీ జరగదు. మొదట దీన్ని గుండెనొప్పి మందుగా పరీక్షిస్తుంటే ఈ గుణం బయటపడింది. 1998 మార్చిలో అమెరికాలో అనుమతి వచ్చింది.

డాక్టర్లు మామూలుగా 50 మి.గ్రా.తో మొదలుపెడతారు. 65 దాటినవాళ్లకీ, లివరు బాగోలేనివాళ్లకీ 25. సుమారు గంట ముందు, రోజుకి ఒక్కటే. పెళ్లిలో మటన్ దట్టంగా తిని వేసుకుంటే పని మొదలవడం ఇంకో గంట ఆలస్యమవుతుంది. ఈలోగా "పనిచెయ్యలేదు" అని రెండోది మింగేస్తారు. నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే. పఖాళ (నీళ్లు పోసిన చద్దన్నం) తిన్న రాత్రి ఆ గొడవ లేదు. ఇదే పని చేసే ఇంకో మాత్ర టాడలాఫిల్‌కి తిండితో పేచీ లేదు, ప్రభావం 36 గంటల దాకా ఉండొచ్చు. తలనొప్పి, మొహం వేడెక్కడం, ముక్కు దిబ్బడ మామూలే. కొందరికి కాసేపు అంతా నీలంగా కనిపిస్తుంది. బిగువు 4 గంటలు దాటినా, చూపో వినికిడో ఉన్నట్టుండి తగ్గినా ఆస్పత్రికి పరుగెత్తాలి.

ఒకసారి గుణుపూర్ నుంచి ఒకాయన వచ్చాడు. చొక్కా జేబులోంచి కత్తిరించిన స్ట్రిప్పు ముక్క తీశాడు. పేరున్న వైపు ఎప్పుడో పోయింది, "నాఫిల్" అన్న తోక మాత్రం మిగిలింది. డాక్టరు చీటీ లేదు. ఇంకేం వాడుతున్నారని అడిగితే రెండో జేబులోంచి ఇంకో ముక్క వచ్చింది. ఐసోసార్బైడ్ డైనైట్రేట్, గుండె పట్టేసినప్పుడు నాలిక కింద పెట్టుకునేది. రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. రెండు జేబులకీ మధ్య జానెడు దూరం లేదు! మాత్ర ఇవ్వకుండా గుండె డాక్టరు దగ్గరికి పంపాను. ఆయనకి కోపమొచ్చింది, రానీ.

ఐసోసార్బైడ్ లాంటి గుండె మందుల్ని నైట్రేట్లు అంటారు; అవి వాడేవాళ్లకి ఈ మాత్ర అసలు పడదు. ఇది వేసుకున్నాక ఛాతీ నొప్పి వస్తే, ఏ మాత్ర ఎన్ని గంటలకి వేసుకున్నారో డాక్టరుకి ముందే చెప్పాలి. సిల్డెనాఫిల్ అయితే 24 గంటలు, టాడలాఫిల్ అయితే 48 గంటలు దాటేదాకా వాళ్లు నైట్రేట్ జోలికి వెళ్లరు. అక్కడ సిగ్గుపడితే కుదరదు.

అభ్యాసం: ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ మంచం మీద పరవండి. నైట్రేట్, నైట్రో అన్న మాటలున్నవి ఒక పక్కకి, టామ్సులోసిన్ (ప్రోస్టేట్ మందు), ప్రజోసిన్ (బీపీ మందు) ఇంకో పక్కకి పెట్టండి. ఈ రెండోవాటితో కలిసినా బీపీ దిగొచ్చు. పేర్లు కాగితం మీద రాసి ఉంచండి, వచ్చే పాఠంలో బీపీ మాత్రలు అక్కణ్ణుంచే మొదలెడదాం.