గిట్‌లో వెర్షన్ నంబర్ తప్పు చూపిస్తుంటే ఏం చేయాలి

ఫైల్లో ఉన్న హ్యాష్ ఎప్పుడూ ఒక కమిట్ వెనకే ఉంటోంది

కోడ్‌లో మార్పుల చరిత్రను దాచే సాధనం గిట్. అందులో భద్రపరిచిన ఒక్కో మార్పు కమిట్, దాన్ని గుర్తించే కోడ్ హ్యాష్. ప్రోగ్రామ్ తన వెర్షన్‌ను చూపించాలని ఆ హ్యాష్‌నో, ఒక నంబర్‌నో ఫైల్లో రాసిపెట్టుకుంటారు. అందరూ ముందు పడేది ఈ గోతిలోనే. కమిట్ హ్యాష్‌ను గిట్ లెక్కగట్టేది ఫైళ్లలో ఉన్నదాన్ని కూడా కలుపుకునే. ఆ హ్యాష్‌నే తీసుకెళ్లి ఫైల్లో రాస్తే ఫైలు మారుతుంది, దాంతో హ్యాష్ కూడా మారుతుంది. పోస్ట్-కమిట్ హుక్‌లో (కమిట్ అయ్యాక దానంతటదే నడిచే స్క్రిప్ట్‌లో) అమెండ్ చేస్తే, అంటే చివరి కమిట్‌ను తిరగరాస్తే, ఆ అమెండ్ మళ్లీ అదే హుక్‌ను లేపుతుంది, ఇక దానికి అంతుండదు. పోనీ ప్రీ-కమిట్ హుక్‌లో నంబర్‌కు 1 కలుపుదామంటే, రెండు బ్రాంచ్‌లూ (కోడ్‌లో విడివిడిగా సాగే శాఖలు) అదే లైను మార్చి, వాటిని మెర్జ్ చేసి కలిపేటప్పుడు తరచూ కాన్‌ఫ్లిక్ట్ తెస్తాయి.

అందుకే వెర్షన్ ఫైలును రిపాజిటరీలో ఉంచకండి. "గిట్ ఆర్ఎం --క్యాష్డ్"తో ట్రాకింగ్‌లోంచి తీసి, పేరును గిట్‌ఇగ్నోర్‌లో చేర్చి, బిల్డ్ సమయంలో "గిట్ డిస్క్రైబ్ --ట్యాగ్స్ --ఆల్వేస్ --డర్టీ" ఇచ్చే ఫలితంతో తయారు చేయండి. "వి1.4.2-7-జి3041975" అని వస్తే, వి1.4.2 ట్యాగ్ (ఒక కమిట్‌కు పెట్టిన పేరు) తర్వాత 7 కమిట్‌లు అయ్యాయని అర్థం. జి అంటే గిట్, మిగతాది హ్యాష్ ముందు భాగం.

మేక్‌ఫైల్ వాడేవాళ్లు ఒకటి గమనించాలి. వెర్షన్ ఫైలును తయారుచేసే రూల్ ప్రతి బిల్డ్‌లోనూ నడవాలి, కానీ ఫైలును ప్రతిసారీ తిరగరాయకూడదు. రాస్తే టైమ్‌స్టాంప్ మారి, ఆ వెర్షన్ ఫైలును చేర్చుకున్న ఫైళ్లన్నీ మళ్లీ కంపైల్ అవుతాయి. ముందు తాత్కాలిక ఫైల్లో రాసి, పాతదానితో పోల్చి, తేడా ఉంటేనే దాని స్థానంలో పెట్టండి.

మన మెషీన్‌లో సరిగ్గా ఉంది, సీఐలో హ్యాష్ ఒక్కటే వస్తోంది

సీఐ అంటే కోడ్‌ను సర్వర్‌లో దానంతటదే బిల్డ్ చేసే వ్యవస్థ. అలాంటిదే అయిన గిట్‌హబ్ యాక్షన్స్‌లో చెకౌట్ (కోడ్‌ను తెచ్చుకునే దశ) మామూలుగా ఒక్క కమిట్‌నే తెస్తుంది. పాత చరిత్రా ట్యాగ్‌లూ లేకపోతే డిస్క్రైబ్ దేన్నుంచి లెక్కపెడుతుంది? "ఫెచ్-డెప్త్: 0" పెట్టండి. గిట్‌ల్యాబ్‌లోనైతే "గిట్_డెప్త్" విలువను 0 చేయండి. అయినా రాకపోతే ట్యాగ్ అసలు సర్వర్‌కు చేరిందో లేదో చూడండి: ఉత్త "గిట్ పుష్" ట్యాగ్‌లను పంపదు. ట్యాగ్‌ను "-ఎ"తో (వివరణతో కూడిన ట్యాగ్‌గా) పెట్టి, "--ఫాలో-ట్యాగ్స్"తో పుష్ చేయడం మంచి అలవాటు.

ప్రతి బిల్డ్‌కూ చివర "డర్టీ" అని వస్తోంది

గిట్ ట్రాక్ చేస్తున్న ఫైల్లో కమిట్ చేయని మార్పు ఉంటే ఈ మాట వస్తుంది; అంటే అలాంటి ఫైలును బిల్డే మారుస్తోందన్నమాట. ట్రాక్ కాని కొత్త ఫైళ్ల వల్ల ఇది రాదు. డిస్క్రైబ్‌కు ముందు లైనులో "గిట్ స్టేటస్" పెడితే దొంగ దొరుకుతాడు. నోడ్ ప్రాజెక్టుల్లో చాలాసార్లు అది "ఎన్‌పీఎం ఇన్‌స్టాల్" మార్చిన లాక్ ఫైలే (ప్యాకేజీల వెర్షన్‌లు రాసి ఉండే ఫైలు). దాని బదులు "ఎన్‌పీఎం సీఐ" వాడండి.

$ఐడీ$ అని రాస్తే 40 అక్షరాల చాంతాడు వస్తోంది

గిట్ లాంటి పాత సాధనమైన సబ్‌వెర్షన్ అలవాటుతో వచ్చేవాళ్ల చిక్కు ఇది. అక్కడ $రెవ్$ ఆ ఫైలు చివరిసారి మారిన రివిజన్ నంబర్ ఇస్తుంది. గిట్‌లో $ఐడీ$ని నింపే ఐడెంట్ యాట్రిబ్యూట్ (ఒక సెట్టింగ్) ఇచ్చేది ఆ ఫైలులోని విషయానికి సంబంధించిన హ్యాష్, కమిట్‌ది కాదు. వెర్షన్‌గా అది పనికిరాదు, తీసేయండి.