షేర్డ్ ఫోల్డర్‌లో యాక్సెస్ డేటాబేస్: పర్మిషన్లు ఎక్కడ, ఎంత ఇవ్వాలి

ఆఫీసులో పదిమంది ఒకే మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్ వాడుతుంటే, ఫోల్డర్‌కి రీడ్, ఫైల్‌కి రైట్ ఇస్తే చాలనుకుంటాం. చాలదు. ఎవరైనా డేటాబేస్ తెరవగానే యాక్సెస్ అదే ఫోల్డర్‌లో ఎల్‌ఏసీసీడీబీ ఎక్స్‌టెన్షన్‌తో ఒక లాక్ ఫైల్ (ఎవరెవరు లోపల ఉన్నారో గుర్తుంచుకునే చిన్న ఫైల్) పెడుతుంది, చివరి మనిషి మూసేశాక దాన్ని తీసేస్తుంది. కాబట్టి వాడేవాళ్లందరికీ ఆ ఫోల్డర్‌లో ఫైల్ సృష్టించే హక్కూ, డిలీట్ చేసే హక్కూ ఉండాల్సిందే.

మరి ఎవరో పొరపాటున అసలు డేటానే లేపేస్తే? అక్కడే కాస్త ఓపిక కావాలి.

ముందు డేటాబేస్‌ని స్ప్లిట్ చేయండి: టేబుల్స్ ఉన్న బ్యాక్ ఎండ్ సర్వర్ మీద, ఫారాలు, రిపోర్టులు ఉన్న ఫ్రంట్ ఎండ్ ఎవరి పీసీలో వాళ్లకి. షేర్ పర్మిషన్‌లో ఛేంజ్, ప్రాపర్టీస్‌లోని సెక్యూరిటీ ట్యాబ్‌లో ఆ ఫోల్డర్ మీద మాడిఫై ఇవ్వండి. ఫుల్ కంట్రోల్ మాత్రం వద్దు, ఎందుకంటే అందులో ‘డిలీట్ సబ్‌ఫోల్డర్స్ అండ్ ఫైల్స్’ కూడా కలిసి ఉంటుంది, అది ఉన్నంతవరకు ఫైల్ మీద మీరు డిలీట్ తీసేసినా ప్రయోజనం లేదు. ఆ తర్వాత బ్యాక్ ఎండ్ ఫైల్ ఒక్కదాని మీద అదే ట్యాబ్‌లోని అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి, ఇన్‌హెరిటెన్స్ (ఫోల్డర్ హక్కులు ఫైల్‌కి వాటంతటవే రావడం) ఆపి, ఉన్న పర్మిషన్లను అలాగే ఉంచమని చెప్పి, యూజర్ల గ్రూపుకి డిలీట్ టిక్ తీసేయండి. లాక్ ఫైల్‌కి ఫోల్డర్ హక్కులే వస్తాయి కాబట్టి దాని పని ఆగదు.

చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. కాంపాక్ట్ అండ్ రిపేర్ (ఫైల్ సైజు తగ్గించి, పాడైనవి సరిచేసే పని) చేస్తే యాక్సెస్ కొత్త ఫైల్ తయారుచేసి పాతదాని స్థానంలో పెడుతుంది, దాంతో మీరు పెట్టిన కట్టుదిట్టం కాస్తా పోవచ్చు. ఆ పని అడ్మినే చేసి, వెంటనే పర్మిషన్లు మళ్లీ చూసుకోవాలి. బ్యాక్ ఎండ్‌కి కాంపాక్ట్ ఆన్ క్లోజ్ (మూసేటప్పుడు దానంతటదే కాంపాక్ట్ అయ్యే సెట్టింగ్) పెట్టకండి.

బ్యాకప్ కాపీ తీసేటప్పుడు లాక్ ఫైల్ లేదని చూసుకోండి, ఉంటే ఇంకా ఎవరో లోపలే ఉండొచ్చు. వన్‌డ్రైవ్ లాంటి సింక్ ఫోల్డర్‌లో బ్యాక్ ఎండ్ పెట్టే ఆలోచనే వద్దు, వైఫై మీద వాడినా ఫైల్ పాడయ్యే అవకాశం ఎక్కువ.

ఇంత చేసినా ఫైల్‌ని కాపీ చేసుకుపోవడాన్ని ఆపలేం, చదవగలిగినవాళ్లు కాపీ కూడా చేయగలరు. జీతాల వివరాల్లాంటివి ఉంటే టేబుల్స్‌ని, ఫైల్‌ని నేరుగా యూజర్ల చేతికి ఇవ్వని మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సర్వర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌కి మార్చేయండి, అది ఉచితమే.