గడ్డి చామంతిని గుర్తించడం ఎలా?

బాటల పక్కన, గోడల అంచున, పచ్చిక మధ్యలో ఎక్కడ పడితే అక్కడ మొలిచే మొక్క గడ్డి చామంతి. శాస్త్రీయ నామం ట్రైడాక్స్ ప్రొకంబెన్స్. ఉష్ణమండల అమెరికా నుంచి వచ్చి వేడి ప్రాంతాలన్నిటా పాకిపోయింది. పువ్వు చూడగానే పేరు చెప్పేయాలనిపిస్తుంది కానీ, తెల్ల రేకులూ పసుపు మధ్యభాగమూ ఉన్న మొక్కలు బోలెడు. అందుకే నేల దగ్గర మొదలుపెట్టి పైకి రండి.

ముందు చేయి పెట్టకుండా చూడండి. మొక్క నిటారుగా, గుబురుగా పెరిగి, ఆకులు లోతుగా చీలి, కొమ్మల చివర చిన్న చిన్న తెల్లపూలు గుత్తులుగా ఉంటే అది వయ్యారిభామ. తాకితే కొందరికి చర్మం దురద పెట్టి దద్దుర్లు వస్తాయి. దాన్ని వదిలేయండి.

గడ్డి చామంతి కాండం నేల మీద పాకుతుంది, కొస మాత్రం పైకి లేస్తుంది. నేలకు తగిలిన కణుపుల దగ్గర వేళ్లు దిగుతాయి. ఒక కొమ్మను మెల్లగా ఎత్తితే ఆ పట్టు చేతికి తెలుస్తుంది. ఆకులు కణుపుకు రెండు చొప్పున, ఎదురెదురుగా ఉంటాయి. అంచు రంపపు పళ్లలా ఉంటుంది, ఆ పళ్లు మాత్రం ఒకే తీరున ఉండవు. కాండానికీ ఆకులకూ గరుకైన నూగు ఉంటుంది.

ఇప్పుడు పూకాడ. నన్నడిగితే దూరం నుంచి అన్నిటికన్నా పనికొచ్చే గుర్తు ఇదే. ఆకు ఒక్కటీ లేని సన్నని కాడ 10 నుంచి 30 సెంటీమీటర్ల వరకు నిలువుగా లేచి, చివర ఒకే ఒక్క పువ్వును మోస్తుంది. తడి నేలల్లో కనిపించే గుంటగలగరకు ఇంత పొడవైన కాడ ఉండదు. దాని తెల్ల రేకులు కూడా దారపు పోగుల్లా సన్నగా, లెక్కకు మించి ఉంటాయి. ఆకు నలిపితే రసం కాసేపటికి నల్లబడుతుంది.

పువ్వు దగ్గరికి వచ్చాక భూతద్దం ఉంటే తీయండి. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి పూల గుంపు. నడుమ ఉన్న ప్రతి పసుపు గొట్టమూ ఒక పువ్వే, చుట్టూ ఉన్న ప్రతి రేకూ ఒక పువ్వే. రేకులు లేత మీగడ రంగులో, సాధారణంగా 5 ఉంటాయి. ఒకటీ అరా తేడా వస్తే కంగారు పడకండి. ఒక్కో రేకు కొసన రెండు నొక్కులుండి, అది మూడు పళ్లుగా కనబడుతుంది.

ఇక్కడితో ఆగకూడదు. గాలిన్సోగా అనే కలుపు మొక్కకూ ఇలాగే మూడు పళ్ల తెల్ల రేకులు అయిదు ఉంటాయి. కాకపోతే దాని పువ్వు సెంటీమీటరు కూడా ఉండదు, కాడలు పొట్టివి. తేల్చాల్సింది విత్తనం. పక్కనే ముదిరిన పువ్వును వెతికి ఒక గింజ లాగండి. గడ్డి చామంతి గింజ నల్లగా, సుమారు 2 మిల్లీమీటర్లు ఉంటుంది. దాని తల మీద ఈకల్లా చీలిన వెంట్రుకల కుచ్చు ఉంటుంది, ఊదితే ఎగిరిపోతుంది. వయ్యారిభామకూ గుంటగలగరకూ ఆ కుచ్చు లేదు. గాలిన్సోగా గింజకు ఉండేవి పొలుసులు.

గింజ ఇంకా ముదరకపోతే ఆకుల జత, పూకాడ మొత్తం, పై నుంచి పువ్వు కనిపించేలా మూడు ఫొటోలు తీసుకుని, కొన్నాళ్లాగి మళ్లీ చూడండి.