ఈసీజీలో ‘అబ్నార్మల్’ అని వస్తే ఏం చేయాలి?

కాగితం పైన ‘అబ్నార్మల్ ఈసీజీ’ అని కనబడగానే టెన్షన్ మొదలవుతుంది. ఆ మాట చాలాసార్లు మెషీన్ దానంతట అదే అచ్చు వేసింది. చిన్న తేడాకీ అదే మాట, పెద్ద జబ్బుకీ అదే మాట. డాక్టర్ చూసి చెప్పేదాకా అది అనుమానమే.

సమస్య: ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం.
ఇవి ఉంటే ఈసీజీ నార్మల్‌గా వచ్చినా ఊరుకోకూడదు. గుండెపోటు మొదట్లో గీతల్లో పడకపోవచ్చు. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకుండా 108కి ఫోన్ చేయండి. షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి తెలియకుండా ఒట్టి ఆయాసమే రావచ్చు. ఆసుపత్రిలో ఈసీజీ మళ్లీ తీస్తారు, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రోటీన్) రక్తపరీక్ష కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చేస్తారు.

సమస్య: ఒంట్లో ఏ బాధా లేదు, కానీ కాగితంపై ‘I’ అని ఉండే వరసలో, అంటే మొదటి లీడ్‌లో గీతలన్నీ తలకిందులు.
కుడిచేతి వైరు ఎడమచేతికి తగిలించి ఉండొచ్చు. వైర్లు సరిచేసి మళ్లీ తీయమనండి. చలికి వణికినా, కదిలినా గీత చెదురుతుంది.

సమస్య: ‘టీ వేవ్’ (ప్రతి గుండెచప్పుడు గీతలో చివర వచ్చే చిన్న గుబ్బ) మార్పులు.
దీనికి కారణాలు బోలెడు: ఏళ్ల తరబడి ఉన్న బీపీ, రక్తంలో పొటాషియం తగ్గడం, కొన్ని మందులు, గుండెకు రక్తం చాలకపోవడం. అందుకే బీపీ చూసి, రక్తపరీక్ష, ఎకో (గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్) రాస్తారు. నడిస్తే ఛాతీ పట్టేస్తుంటే టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ) చేయొచ్చు. ‘ఎల్‌బీబీబీ’ (గుండె ఎడమవైపు కరెంటు దారిలో అడ్డంకి) అని ఉంటే మాత్రం టీఎంటీలోని ఈసీజీ గీతలను నమ్మలేం, స్కాన్ లాంటి వేరే పరీక్ష కావాలి.

సమస్య: అప్పుడప్పుడు గుండె దడ, ఈసీజీలో ఏమీ లేదు.
ఈసీజీ పట్టేది కొన్ని సెకన్లే. దడ ఆ కాసేపట్లో రావాలిగా! 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించుకుని తిరిగే చిన్న ఈసీజీ మెషీన్) పెట్టించుకుని, దడ వచ్చిన టైమ్ రాసుకోండి. లయ తప్పడం ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు అడ్డదిడ్డంగా అదరడం) అని తేలితే, పక్షవాతం ముప్పును బట్టి రక్తం గడ్డకట్టకుండా మందు ఇస్తారు.

అన్నిటికంటే పనికొచ్చేది పాత ఈసీజీ. అదే తేడా అయిదేళ్ల కింద కూడా ఉంటే డాక్టర్‌కి సగం పని తగ్గుతుంది. చాలా మెషీన్లు వాడేది వేడికి నల్లబడే కాగితం, కొన్నాళ్లకు గీతలు వెలిసిపోతాయి. లామినేషన్ చేయించారంటే మొత్తం నల్లగా మాడిపోతుంది. జిరాక్స్ తీయించి, ఫోన్‌లో ఫొటో కూడా పెట్టుకోండి.