పైథాన్‌తో చిప్ లేఔట్ గీయడం ఎలా?

ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ లేఔట్‌లో (చిప్‌లోని పొరల ఆకారాలను చూపే బొమ్మలో) ఒకే ఆకారాన్ని వేర్వేరు కొలతలతో పదేపదే గీయవలసి వచ్చినప్పుడు మౌస్ కంటే ప్రోగ్రామే మేలు. కేడెన్స్ వర్చువోసో అనే చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఇందుకు లిస్ప్ కుటుంబానికి చెందిన స్కిల్ భాషను వాడతారు. మ్యాజిక్ అనే ఉచిత సాధనంలో టీసీఎల్ అనే స్క్రిప్టింగ్ భాష ఉంటుంది. లైసెన్సు ఖర్చు లేకుండా ఇంట్లోనే నేర్చుకోదలచిన విద్యార్థికి మాత్రం నేను కేలేఔట్ అనే ఉచిత లేఔట్ సాధనాన్ని, పైథాన్‌ను సూచిస్తాను.

ముందుగా పైథాన్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే పిప్ ద్వారా కేలేఔట్ మాడ్యూల్‌ను ఇన్‌స్టాల్ చేసి, కొత్త లేఔట్ సృష్టించి, దాని డేటాబేస్ యూనిట్‌ను (కోఆర్డినేట్లను లెక్కించే అతి చిన్న కొలతను) 0.001 మైక్రాన్‌గా, అంటే 1 నానోమీటరుగా ఉంచండి. కొత్తవారు తడబడేది ఇక్కడే: ఈ యూనిట్లలో కోఆర్డినేట్లు పూర్ణాంకాలు కాబట్టి, 0.14 మైక్రాన్ల తీగ వెడల్పును 140 అని రాయాలి. 2020లో అందరికీ అందుబాటులోకి వచ్చిన స్కైవాటర్ 130 నానోమీటర్ పీడీకేలో (ఒక తయారీ ప్రక్రియకు సంబంధించిన పొరలు, నియమాల వివరాలుండే ప్యాకేజీలో) మెట్ 1 లోహపు పొరకు కనీస వెడల్పు, కనీస ఎడం (పక్క తీగతో ఉండాల్సిన దూరం) రెండూ అంతే. ఆ పొర సంఖ్య 68, డేటాటైప్ (పొర సంఖ్యతో పాటు ఇచ్చే రెండో సంఖ్య) 20. తయారీ గ్రిడ్ 5 నానోమీటర్లు గనుక ప్రతి కోఆర్డినేటూ 5తో శేషం లేకుండా భాగింపబడాలి.

తర్వాత ఒక సెల్ (మళ్లీ మళ్లీ వాడుకోగల లేఔట్ ముక్క) సృష్టించి, దీర్ఘచతురస్రాలను గీసే భాగాన్ని ఫంక్షన్‌గా రాయండి. వెడల్పు, ఎడం, పొడవు దానికి పరామితులుగా అందాలి. అంకెలను కోడ్‌లో అక్కడక్కడా నేరుగా రాస్తే, తయారీ ప్రక్రియ మారిన రోజున ప్రతి పంక్తినీ వెతుక్కోవలసి వస్తుంది. అదే సెల్ వందసార్లు కావలసినప్పుడు వంద కాపీలు గీయకుండా ఇన్‌స్టెన్స్ అరేగా, అంటే ఆ ఒక్క సెల్‌ను సూచించే వరుసలుగా అమర్చండి. ఫైలు చిన్నదవుతుంది, ఒకచోట దిద్దితే అన్నిచోట్లా మారుతుంది.

చివరగా జీడీఎస్ (చిప్ లేఔట్‌కు వాడే ఫైలు ఫార్మాట్) ఫైలుగా భద్రపరచి డీఆర్‌సీ, అంటే డిజైన్ నియమాల తనిఖీ నడపండి. తప్పులు కనిపిస్తే బొమ్మను చేత్తో సవరించవద్దు. ఫంక్షన్‌ను దిద్ది, లేఔట్‌ను మళ్లీ సృష్టించండి.