ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ గట్టిగా ఉంటే ఎలా సరిచేసుకోవాలి?

కాకినాడలోనైనా భీమవరంలోనైనా పది మీటర్ల ఎయిర్ పిస్టల్ సాధన మొదలుపెట్టినవారు తరచుగా చెప్పే ఇబ్బంది ఒకటుంది: ట్రిగ్గర్ గట్టిగా ఉంది, నొక్కేసరికి గురి చెదిరిపోతోంది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఈ పోటీలో ట్రిగ్గర్ బరువు, అంటే ట్రిగ్గర్ విడవటానికి కావలసిన లాగుడు, 500 గ్రాములకు తగ్గకూడదు. కాబట్టి పిస్టల్ ఇప్పటికే ఆ హద్దు దగ్గర ఉంటే దాన్ని ఇంకా తేలిక చేసే వీలు లేదు. ఆ అర కిలో బరువు వేలికి ఏ దశలో ఎంత తగలాలో మాత్రమే మనం నిర్ణయించుకోగలం. ఇక్కడ చెప్పేదంతా ఎయిర్ పిస్టల్‌కే వర్తిస్తుంది. సింగిల్ యాక్షన్ రివాల్వర్ వంటి మందుగుండు ఆయుధాన్ని మరమ్మతు చేసే పని 1959 నాటి ఆయుధాల చట్టం కింద అందుకు లైసెన్సు పొందినవారిదే గనుక, దాన్ని ఇంట్లో విప్పే ఆలోచన పెట్టుకోకూడదు.

ముందుగా పిస్టల్‌లో పెల్లెట్ లేదని కంటితో చూసి నిర్ధారించుకోండి. పెల్లెట్ల డబ్బాను వేరే గదిలో ఉంచి, గొట్టాన్ని ఎవరూ తిరగని గోడ వైపు పెట్టి, డ్రై ఫైరింగ్ స్థితిలోనే (పెల్లెట్ పేల్చకుండా ట్రిగ్గర్ మాత్రమే పనిచేసే స్థితి) పని మొదలుపెట్టాలి.

తరువాత తూకం. చేతికి గట్టిగా అనిపించటం వేరు, నిజంగా బరువు ఎక్కువ ఉండటం వేరు. ఈ రెంటికీ తేడా తెలియకుండా స్క్రూలు తిప్పినవారే చివరికి పోటీలో తూకం దగ్గర ఆగిపోతారు. ప్రత్యేకమైన తూకపు పరికరం లేకపోతే మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాకు గట్టి తీగతో కొక్కెం కట్టి, అందులో బాగా ఎండిన గోదావరి ఇసుక పోసి, బంగారు దుకాణంలోని ఎలక్ట్రానిక్ త్రాసు మీద కొక్కెంతో సహా తూచుకోవచ్చు. కిరాణా కొట్టులోని అర కిలో రాయి కూడా పనికివస్తుంది కానీ, దానికి కట్టిన కొక్కెం బరువు అదనంగా చేరుతుందని మరచిపోకూడదు. కాక్ చేసిన, అంటే ట్రిగ్గర్ నొక్కితే విడిచేలా సిద్ధం చేసిన, పిస్టల్‌ను గొట్టం నిటారుగా పైకి ఉండేలా పట్టుకుని, ట్రిగ్గర్ మధ్యభాగానికి కొక్కెం తగిలించి, బల్ల మీద ఉన్న డబ్బాను నెమ్మదిగా పైకి లేపాలి. ట్రిగ్గర్ విడవకుండా 500 గ్రాములు గాలిలో నిలిస్తే ఆ హద్దు దాటినట్టే. ఆపైన పది పది గ్రాముల చొప్పున ఇసుక కలుపుతూ పోతే ఎక్కడ విడుస్తుందో తెలుస్తుంది.

తూకం 510, 520 గ్రాముల దగ్గరే ఉండి కూడా వేలికి భారంగా తోస్తుంటే లోపం సాధారణంగా పట్టులో ఉంటుంది. చూపుడువేలు గ్రిప్పు చెక్కకు రాసుకుంటున్నా, అరచేతితో పిస్టల్‌ను పిసికినట్టు పట్టుకున్నా ట్రిగ్గర్ గట్టిగానే అనిపిస్తుంది. వేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద ఆని, లాగుడు నేరుగా వెనక్కి వచ్చేలా ట్రిగ్గర్‌ను ముందుకో వెనక్కో జరిపితే చాలామందికి అక్కడితోనే సమస్య తీరుతుంది.

తూకం నిజంగానే ఎక్కువగా ఉంటే స్క్రూల కంటే ముందు మురికిని అనుమానించాలి. అంతర్వేది, యానాం వైపు ఉప్పుగాలి సంగతి అందరికీ తెలిసిందే. లోపలి ఊళ్లలో కూడా వానాకాలపు చెమ్మ ట్రిగ్గర్ పిన్నుల మీద సన్నటి తుప్పు పట్టించగలదు. పొడి బ్రష్‌తో దుమ్ము, నూలుపోగులు తీసి, పిన్ను దగ్గర సూదిమొనతో ఒక్క చుక్క పల్చటి గన్ ఆయిల్ వేస్తే సరిపోతుంది. కొబ్బరినూనె మాత్రం వద్దు. కోనసీమలో అది ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, అందుకే ఈ మాట ప్రత్యేకంగా చెప్పవలసి వస్తోంది: సుమారు 24 డిగ్రీల దిగువన అది గడ్డకడుతుంది, అంటే సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున సాధనకు వెళ్లేసరికి ట్రిగ్గర్ యంత్రంలో పేరుకుని ఉంటుంది.

ఇప్పుడు స్క్రూల పని. ఏ స్క్రూ దేనిదో మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి కంపెనీ ఇచ్చిన పుస్తకాన్ని పక్కన తెరిచి ఉంచుకుని, ప్రతి స్క్రూ ప్రస్తుత స్థానాన్ని కాగితం మీద గుర్తు పెట్టుకోవాలి. ఒకసారి ఒకే స్క్రూను, అదీ పావు చుట్టుకు మించకుండా తిప్పి, మళ్లీ తూచాలి. మొదట కొంత వెనక్కి వచ్చి ఆగి, ఆపైన ఇంకొంచెం నొక్కితే పేలే రెండు దశల ట్రిగ్గర్‌లో మొదటి దశకు 350 నుంచి 400 గ్రాములు, రెండో దశకు మిగిలిన 100 నుంచి 150 గ్రాములు వచ్చేలా పంచుకోవటం షూటర్లలో ఎక్కువగా కనిపించే పద్ధతి. మొదటి దశలోనే అధికభాగం బరువు వేలి మీద పడిపోతుంది కనుక, గురి కుదిరాక కొద్దిపాటి ఒత్తిడితోనే పిస్టల్ పేలుతుంది. కొత్తవారు మాత్రం రెండో దశను మరీ పలచన చేసుకోకపోవటమే మంచిదని నా అభిప్రాయం. ఎక్కడ ఆగాలో వేలికి స్పష్టంగా తెలియకపోతే మొదటి దశ దాటగానే దెబ్బ జారిపోతుంది. రెండో దశలో ట్రిగ్గర్ గరుకుగా పాకుతున్నట్టు ఉంటే పుస్తకం అనుమతించిన మేరకే సియర్ (ట్రిగ్గర్ నొక్కేవరకు యంత్రాన్ని పట్టి ఉంచే కొక్కెం) స్క్రూను కదపాలి. సియర్ పట్టు మరీ తగ్గితే చిన్న కుదుపుకే పిస్టల్ పేలవచ్చు. అందుకని సవరించిన తరువాత డ్రై ఫైరింగ్ స్థితిలో కాక్ చేసి, గ్రిప్పు అడుగున అరచేతితో నాలుగైదు సార్లు తట్టి చూడాలి. ఒక్కసారి విడిచినా ఆ స్క్రూను పాత గుర్తుకు తిప్పేయాలి. ట్రిగ్గర్ వెనక్కి వెళ్లే దూరాన్ని ఆపే ట్రిగ్గర్ స్టాప్‌ను చివరగా, పేలిన తరువాత వేలు అతి కొద్దిగా మాత్రమే కదిలేలా సర్దుకోవచ్చు.

సియర్ అంచును ఎమరీ కాగితంతో రుద్దటం, స్ప్రింగు చుట్లు కత్తిరించటం వంటివి ఎవరు సలహా ఇచ్చినా చేయకండి. పైన చెప్పినవన్నీ చేసినా తూకం తగ్గకపోతే, లేదా తూచిన ప్రతిసారీ వేరువేరుగా వస్తుంటే, పిస్టల్‌ను ఆ కంపెనీ పని తెలిసిన టెక్నీషియన్ దగ్గరకు పంపాలి.

చివరి తూకం రేంజిలో, కోచ్ సమక్షంలో, సిలిండర్‌లో గాలి ఉండగా చేయాలి, ఎందుకంటే పోటీలో అధికారులు తూచేది ఆ స్థితిలోనే. వారు గరిష్ఠంగా మూడు అవకాశాలు ఇస్తారు. సరిగ్గా 500 దగ్గర ఆపకుండా పది ఇరవై గ్రాములు పైన ఉంచుకుని, పోటీకి బయలుదేరే ముందురోజు మరోసారి తూచుకోండి.