హైదరాబాద్‌లో కాలేజీలో చేరే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఊరి నుంచి బయలుదేరే ముందే టీసీ, మార్కుల మెమోలు, కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలకు మూడేసి జిరాక్సులు తీయించి, అసలు పత్రాలను విడిగా భద్రపరచుకోవాలి.

హాస్టల్ విషయంలో తొందరపడకూడదు. అడ్వాన్సు కట్టేముందు గదిని, మంచినీటి వసతిని స్వయంగా చూసి, ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలో, అడ్వాన్సులో ఎంత తిరిగి ఇస్తారో రసీదు మీదనే రాయించుకోవాలి. నోటిమాటను నమ్మి నష్టపోయిన పిల్లలను చూశాను కనుకనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మియాపూర్–ఎల్బీనగర్, నాగోల్–రాయదుర్గం మెట్రో మార్గాలు అమీర్‌పేటలో కలుస్తాయి. అక్కడ రైలు మారడం కొత్తవారిని తికమకపెడుతుంది కాబట్టి, తరగతులు మొదలయ్యే ముందురోజే ఒకసారి కాలేజీ దాకా వెళ్ళి రావాలి.

ర్యాగింగ్ ఎదురైతే మౌనంగా భరించకుండా 1800-180-5522 నంబరుకు ఫిర్యాదు చేయాలి. అత్యవసరమైతే 112కు ఫోన్ చేయాలి.